మద్దిచెట్ల చాటున మాస్టారు

నేనొక కత్తిని. హడలిపోకండి, నాతో వంకాయ కూడా తెగదు. బొమ్మలు వేసేవాళ్లు నూనెరంగులు కలుపుకోవడానికీ, నచ్చని రంగు గీకెయ్యడానికీ వాడే సన్నని రేకుని. ఏ కార్ఖానాలో పుట్టానో గుర్తులేదు గానీ, విజయనగరం డ్రాయింగు మాస్టారు సత్యలింగం చేతిలో పడ్డాకే నాకు ఊపిరాడని పని దొరికింది. పొద్దున వేసిన రంగు సాయంత్రం నాతో గీకించేవారు. తాము చేసింది తామే చెరుపుకోవడంలో మనుషులకు ఎంత సరదానో!

పోయిన వేసవిలో అనంతగిరి కొండల్ని బొమ్మ వెయ్యడానికి వెళ్లి మాస్టారు తిరిగి రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు. నేనున్న రంగులపెట్టె, కొండా చెట్లూ వేసిన కాన్వాసూ మాత్రం ఇల్లు చేరాయి. ఆయన భార్య హైమవతి బొమ్మను గోడకు ఆనించి చాలాసేపు చూసింది. ఓ మద్దిచెట్టు వెనక తెల్లచొక్కా అంచు కనిపిస్తోంది. ఒట్టు, ఆ చొక్కా మాస్టారు వెయ్యలేదు. నేనక్కడే ఉన్నాను.

ఆయన ముఖం ఒక్కసారి చూడాలి. ఆమెకు అదే పట్టుకుంది. నన్ను తీసి ఆ చెట్టును గీకింది. ఎప్పుడో ఆరిపోయిన రంగు కింద తడి తగిలింది. నాకు భయమేసింది. చెట్టు పోయింది, మాస్టారు పక్కచెట్టు వెనక్కి జరిగారు. దాన్నీ గీకింది. ఆయన ఇంకో చెట్టు చాటుకు వెళ్లారు.

"ఏటే హైమా ఆ గీకుడు? నా తమ్ముణ్ణి అక్కడైనా ఉండనివ్వవేటి?" అంది ఆడపడుచు గవరమ్మ, గుమ్మం దాటి లోపలికి రాకుండానే.

"నన్ను చూసి దాక్కుంటున్నారు వదినా! నేనేటి చేశానని?"

కొండంతా బోడిదైపోయింది. ఒక్క చెట్టు మిగిలింది. దానికి అవతల మాస్టారు చతికిలబడి ఉన్నారు. తలమీద కప్పుకున్న తువ్వాలు కనబడుతోంది, ముఖం మాత్రం మాను చాటున ఉంది. నన్ను ఆనించబోయి హైమవతి ఆగిపోయింది. బొమ్మనిండా మిట్టమధ్యాహ్నపు ఎండ.

"అయ్యో, నీడకోసం..." అంది. ఆ మాట పూర్తిచెయ్యలేక ఏడ్చింది.

నన్ను పక్కన పడేసి కుంచె అందుకుంది. చెట్టు పక్కన చెట్టు, కొమ్మ మీద కొమ్మ, చొక్కా అంచు కూడా కనబడనంత దట్టంగా వేసింది.

మర్నాడు పాతసామాన్లవాడు వస్తే నన్ను తెచ్చి అతని బస్తాలో వేసింది.

"ఇంత మంచి సరుకు ఊరికినే ఇచ్చెత్తన్నారేటమ్మా?"

"ఇంట్లో ఉంటే మళ్లీ గీకుతాను బాబూ."