దొర కాళ్ళ దగ్గర రేగు కొమ్మ

చావడానికి మనుషులు కావాలని సినిమా వాళ్ళు లోయలో కబురు పెట్టారు. కబురు తెచ్చిన ఊరి పెద్ద లారీ దిగకుండానే కేకేశాడు.

"డాలూ ఈటే ఉన్నవాళ్ళంతా రండి. పరిగెత్తాలి, గుండు తగిలినట్టు పడాలి. అంతే పని."

"పడ్డాక లేవచ్చా పెద్దాయనా?" అన్నాడు డుమకుడే.

"లేవకపోతే నీ పెళ్ళానికి నేనా జవాబు చెప్పేది? లేచి మళ్ళీ పడాలి."

అందరూ నవ్వారు. భేకుముజి ఒక్కడే నవ్వలేదు. అతని ధ్యాసంతా ఆ లారీ వెళ్ళే కొండ మీద ఉంది. తెల్ల రైతు కంచె వేసి, కుక్కల్ని వదిలి, జులూలెవరినీ అడుగు పెట్టనివ్వని కొండ అది. దాని వాలులో, నెర్రె విచ్చిన పెద్ద బండ పక్కన, అతని తాత మతోలే ఎర్రకోటు ఇంగ్లీషు సిపాయిల తుపాకులకు పడిపోయాడు. ఆ రోజు గెలిచింది జులూలే. ఆ తర్వాత రాజ్యం పోయింది, భూమి పోయింది, మతోలే మాత్రం అక్కడే ఉండిపోయాడు.

దూరాన చచ్చినవాణ్ణి ఇంటికి తెచ్చుకోవాలంటే రేగు కొమ్మ పట్టుకుని ఆ చోటికే వెళ్ళాలి. దాని ముళ్ళు జంటలుగా ఉంటాయి. ఒకటి నిటారుగా ముందుకు చూస్తుంది, ఒకటి కొక్కెంలా వెనక్కి తిరుగుతుంది. కొమ్మతో నేలను తాకి, పేరు పెట్టి పిలిచి, నడిపించుకు రావాలి. ఇల్లు చేరేదాకా అతనితో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు. కొమ్మను కింద పెట్టకూడదు. పెట్టిన చోటే అతని ఇల్లయిపోతుంది.

భేకుముజి తండ్రి సోబంతు చాప పట్టి చాలా కాలమైంది. మతోలే పోయేనాటికి అతను తల్లి కడుపులో ఉన్నాడు.

"ఒరే, నేను ఇవాళో రేపో పోతాను," అన్నాడు ముసలాయన. "అవతలికి వెళ్తే మా నాన్న ఉండడు. కొండ మీద గాలికి తిరుగుతుంటాడు. అక్కడ నన్నెవరు గుర్తుపడతార్రా?"

"తీసుకొస్తాను నాన్నా."

కొమ్మను డాలు వెనక తోలుతాడుతో కట్టుకుని భేకుముజి లారీ ఎక్కాడు.

మధ్యాహ్నం దాకా పరిగెత్తారు, పడ్డారు. గంజి తాగేటప్పుడు డుమకుడే పక్కన చేరాడు.

"జోబే," అన్నాడు, వంశం పేరుతో మర్యాదగా పిలిచి, "నాకో సందేహం. ఈ యుద్ధంలో గెలిచింది మనమే కదా? మరి పొద్దుట్నుంచి చచ్చేదీ మనమేనేమిటి?"

"వాళ్ళూ చస్తారట, చివర్న."

"చస్తారు, చూశాగా! ఒక్కొక్కడు చావడానికి పూట పడుతోంది. కంట్లో నీళ్ళ చుక్క వెయ్యాలి, అమ్మ పేరు తలచుకోవాలి, పక్కవాడు చెయ్యి పట్టుకోవాలి. మనం మందలు మందలుగా రాలిపోతాం. ఆ బొమ్మ తీసే పెట్టె మన మొహాల వంక తిరగనే తిరగదు."

మళ్ళీ తుపాకులు పేలాయి. ఎటు పరిగెత్తమన్నారో వదిలేసి భేకుముజి నెర్రె బండ వైపు పరిగెత్తాడు. దాని పక్కనే పడ్డాడు. పొగ కమ్ముకుంది. కొమ్మ విప్పి నేలను తాకించాడు.

"మతోలే తాతా, నేను సోబంతు కొడుకుని. నీ బిడ్డ ముసలివాడై నీకోసం చూస్తున్నాడు. లే, ఇంటికి పోదాం."

చేతిలో కొమ్మ బరువెక్కింది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు, అంత బరువు. పిలిచినవాణ్ణి నిలబెట్టకూడదు. భేకుముజి లేచి నడక మొదలుపెట్టాడు. చుట్టూ శవాలు కదలకుండా పడి ఉన్నాయి. పెట్టె ఇంకా తిరుగుతూనే ఉంది.

ఈల మోగింది. ఊరి పెద్ద రొప్పుతూ వచ్చాడు.

"చచ్చినవాడివి ఎలా లేస్తావురా? బొమ్మ తీసే దొర మండిపడుతున్నాడు. మాట్లాడవేం?"

"అతను మాట్లాడడు," అన్నాడు డుమకుడే పడుకున్నచోటి నుంచే. "చేతిలో ఏముందో చూడు."

ఊరి పెద్ద చూశాడు. గొంతు తగ్గించి దొరకేదో చెప్పాడు. దొర పెట్టెలో కన్ను పెట్టి భేకుముజిని చాలాసేపు చూశాడు. అతని మొహం వెలిగిపోయింది.

"దొరకి నచ్చావు," అన్నాడు ఊరి పెద్ద, భేకుముజి కళ్ళలోకి చూడకుండా. "చివర్న ఎర్రకోటు కెప్టెన్ చచ్చి పడి ఉంటాడు. నువ్వు నడిచొచ్చి ఈ కొమ్మ అతని కాళ్ళ దగ్గర పెట్టి తల వంచాలి. వీరుడికి వీరుడి దండమట."

"గెలిచినవాడు దండం పెట్టడమేంటి?" అన్నాడు డుమకుడే.

"నన్నడుగుతావేం? బొమ్మ వాళ్ళది."

భేకుముజి తల అడ్డంగా ఊపాడు. దూరంగా ఉన్న చెట్టు చూపించి, అక్కణ్ణుంచి వేరే కొమ్మ తెస్తానని సైగ చేశాడు. ఎండ వాలిపోతోందని, ఇదే కావాలని దొర అన్నాడు. ఇది అయితే గానీ లారీ కదలదన్నాడు. కంచె తలుపుకు తాళం ఉంది. అవతల కుక్కలు మొరుగుతున్నాయి. ఒంటి మీద బట్టలేని మనుషులు చలికి డాళ్ళ కింద ముడుచుకున్నారు.  వాళ్ళలో ఎవరో అన్నారు.

"పెట్టెయ్ జోబే. ఉత్తుత్తిదేగా. మనం పొద్దుట్నుంచి ఉత్తుత్తిగా చావలేదూ?"

భేకుముజి డుమకుడే వంక చూశాడు. డుమకుడే తల దించుకున్నాడు.

'తాతా, ఇది ఆట. ఒక్క క్షణం ఓర్చుకో,' అని లోపలే చెప్పుకుని కొమ్మ కింద పెట్టాడు. తల వంచాడు.

దొర మళ్ళీ అన్నాడు. మళ్ళీ పెట్టాడు. ఇంకోసారి అన్నాడు. చీకటి పడబోతుండగా చాలన్నాడు. చచ్చిన కెప్టెన్ లేచి, కోటు దులుపుకుని, భేకుముజి భుజం తట్టి టీ తాగడానికి వెళ్ళాడు. భేకుముజి కొమ్మ ఎత్తుకున్నాడు. పొయ్యిలో పెట్టే పుల్లలా తేలిగ్గా ఉంది.

అయినా దారి పొడుగునా చెబుతూనే వచ్చాడు. "తాతా, ఏరు దాటుతున్నాం. తాతా, ఇదిగో మన పశువుల దొడ్డి." కొమ్మ మాత్రం బరువెక్కలేదు.

"వచ్చాడా?" అన్నాడు సోబంతు తల ఎత్తి.

"వచ్చాడు నాన్నా."

కొమ్మను గుడిసె వెనక గోడవార, పెద్దల చోట పెట్టాడు. మేకను కోశారు. సోబంతు ఆ కొమ్మతో ఎన్నో కబుర్లు చెప్పాడు. ఆవుల పేర్లు చెప్పాడు, పోయిన భార్య సంగతులు చెప్పాడు, పుట్టకముందే వదిలేసి పోయావని కాసేపు దెబ్బలాడాడు. ఆ వారమే నవ్వు మొహంతో పోయాడు. ఆ నవ్వు చూసి భేకుముజికి ఏడుపు రాలేదు. ఎవరూ లేని చోటికి తండ్రిని తనే పంపాడు.

ఆ బొమ్మను నల్లవాళ్ళు చూడకూడదని ప్రభుత్వం ఆపేసింది. చాలా ఏళ్ళ తర్వాత మిషన్ బడిలో తెల్లగుడ్డ కట్టి చూపించారు. భేకుముజి దుప్పటి కింద పచ్చి రేగు కొమ్మ దాచుకుని వెళ్ళాడు.

"ఆ శవాల్లో నేనెక్కడున్నానో?" అంటూ డుమకుడే కళ్ళు చిట్లించి వెతుక్కున్నాడు. దొరకలేదు. ఆఖర్న ఏడుపు పాటలాంటి సంగీతం మోగింది. బొమ్మంతటికీ కనబడిన జులూ మొహం ఒక్కటే. ఆ మొహం కొమ్మ కింద పెట్టి తల వంచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

జనం వెళ్ళిపోయాక భేకుముజి యంత్రం తిప్పే అతని దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, ఈ బొమ్మ ఇంకెక్కడన్నా ఆడుతోందా?"

"ఎక్కడ ఆడదు తాతా? లండన్‌లో, అమెరికాలో. ఇప్పుడు కూడా ఎక్కడో ఆడుతూనే ఉంటుంది."

భేకుముజి తెల్లగుడ్డ దగ్గరికి వెళ్ళాడు. తాత పేరు పిలవబోయి ఆగిపోయాడు.

"కొమ్మ పెట్టింది ఈ బొమ్మలో కదా. ఏ ఊరికని వెళ్ళను, డుమకుడే?"

 భేకుముజి కొమ్మతో గుడ్డను తాకాడు. కొక్కెం ముల్లు తగులుకుంది.

"ఓ తాతా, మెల్లిగా! చిరుగుతుంది!" అని వెనక నుంచి కేక వినబడింది.

అతను ముల్లు విడదీయసాగాడు. కొమ్మ తేలిగ్గానే ఉంది.