చీమలు పట్టిన అంబలి

అంబలి పొడి డబ్బా మీద చోడి (రాగి) కంకి బొమ్మ, దాని కింద ‘చక్కెర కలపలేదు’ అని పెద్ద అక్షరాలు. రాజాంలో గంగరాజు కొట్టులో అది చూశాకే లక్ష్మణమ్మ ప్రాణం కాస్త కుదుటపడింది. కూతురు అనితకి ఏడో నెల. రక్తంలో చక్కెర పెరిగిందనీ, తగ్గకపోతే ఇన్సులిన్ సూదులు తప్పవనీ డాక్టరమ్మ చెప్పింది. సూది అన్నాక లక్ష్మణమ్మకి ముద్ద దిగలేదు. కడుపులో పిల్లకేమవుద్దో!

పూటకో గ్లాసు తాగించినా చక్కెర అంకె దిగలేదు. పులిసిన అంబలిగా కాచి ఇస్తే పని చేస్తుందేమోనని, ఇంటి చోడిపిండికి చేసినట్టే ఆ పొడినీ రాత్రి కుండలో పులియబెట్టింది. తెల్లారేసరికి కుండ చుట్టూ చీమల బారు.

“ఓలమ్మో! ఒసే అనితా! నా సేతి అంబలికి ఏనాడూ సీమ పట్టనేదే!”

“తియ్యగున్నాదని మొదటిరోజే సెప్పాను కదే అమ్మా. సోడి తీపి అలాగే ఉంటాది, నోరు మూసుకు తాగమన్నావు.”

అనిత డబ్బా వెనక చీమతలకాయంత అక్షరాలని ఫోనులో ఫొటో తీసి పెద్దవి చేసింది. “ముందు గోదుమపిండి. తర్వాత బెల్లం పొడి. సోడిపిండి అన్నిటికంటే కింద.”

“మరి సెక్కెర కలపనేదన్నాడే?”

“కలపనేదు. బెల్లం కలిపాడు.”

లక్ష్మణమ్మ నెత్తి కొట్టుకుంది. “నా సేత్తో నేనే పోసాను కదే తల్లీ!” ఆ ఏడుపుతోనే డబ్బా పట్టుకుని కొట్టుకెళ్లింది.

“కంపెనీవోడు రాసినదానికి నేనేటి సేత్తానమ్మా?” అన్నాడు గంగరాజు.

“నీ కూతురికైతే పోత్తువా?”

గంగరాజు కళ్లజోడు పెట్టుకుని వెనకవైపు చదివాడు. ‘షుగరు ఉన్నోళ్లకి’ అన్న అర నుంచి ఆ డబ్బాలన్నీ కిందకి దించేశాడు. అనిత ఆ ఫొటోలు ఫుడ్ ఇన్స్పెక్టరుకి పంపింది.

డాక్టరమ్మ ఇంకో వారం గడువిచ్చింది. అన్నం తగ్గింది, ఆకుకూర పెరిగింది, మరలో దగ్గరుండి ఆడించిన చోడిపిండితో పల్చటి అంబలి. వారం తిరిగాక నర్సు వేలు గుచ్చి చూసి, “దిగిందమ్మా. ఇప్పుడు సూదులక్కర్లేదు,” అంది.

“మిషను మంచిదేనా తల్లీ? ఇంకోపాలి సూడు.”

“కావలిస్తే నీ వేలు గుచ్చించుకో,” అంది అనిత.

లక్ష్మణమ్మ నిజంగానే చెయ్యి చాపింది. నర్సు పకపకా నవ్వింది. లక్ష్మణమ్మ చాపిన చెయ్యి తీసి కూతురి పొట్ట మీద పెట్టి, “ఇప్పుడంటే... మరి వచ్చే వారం?” అని గొణుగుతూనే, తనూ నవ్వేసింది.