కనబడని కుట్టు

శుభవార్త వచ్చేసరికి ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తోంది. ఫోనులో ఆడపడుచు గొంతు ఖంగుమంది.

"మరదలా, నీ పంట పండింది! మా షాపులో బట్టలు సరిచేసే మనిషి కావాలట. నీ గురించి చెప్పాను, సరేనన్నారు. రేపు పొద్దున వచ్చి కనపడు. నలుగురు మనుషులుంటారు, నాలుగు మాటలుంటాయి. ఆ కొట్లో ఒక్కదానివే ఎన్నాళ్లు ఈగలు తోలుకుంటావ్?"

"ఈగలు కూడా రావడం లేదు వదినా. సాయంత్రం చెప్తాను."

"శుభవార్త చెబితే ఆలోచిస్తానంటుందేమిటీ పిల్ల!"

ఫోను పెట్టేశాక కొట్టు మరీ బోసిపోయింది. రఫూ కొట్టు అది. చిరిగిన బట్టలోంచే పోగులు లాగి, చిరుగు మీద నేసినట్టే అల్లి, ఆనవాలు లేకుండా చేస్తుంది. పెళ్లయిన కొత్తలోనే తెరిచింది. మొగుడిది ఊళ్లు తిరిగే ఉద్యోగం. పక్కన తాళంచెవులు చేసేవాడి దగ్గర ఎప్పుడూ సందడే. ఆమె దగ్గరికి మాత్రం ఎండ వచ్చి, బల్ల మీద కాసేపు కూర్చుని వెళ్లిపోతుంది. దానికి చోటివ్వడానికి ఆమె కత్తెర పక్కకి జరుపుతుంది.

బట్టలిచ్చినవాళ్లు ఒక్కరూ బాగాలేదనలేదు. ఒక్కరూ ఇంకొకరిని పంపిందీ లేదు. తనలో లోటేమిటో ఆమెకు అంతుపట్టలేదు. ఈ ఉద్యోగానికి సరేనంటే ఇక కొట్టు మూసేయడమే.

కొట్టు ముందరి అద్దంలోంచి బయటికి చూస్తే లెక్కల మాస్టారు ఎవరో పెద్దమనిషితో వస్తున్నారు. ఒంటిమీద ఆమె బాగుచేసిన బూడిదరంగు కోటే! ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చెయ్యి ఊపింది. మాస్టారు చూశారు. చూసి, ముఖం తిప్పుకుని అడుగులు పెంచారు. ఊపిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియక ఆమె జుట్టు సర్దుకుంది.

కాసేపటికి మాస్టారు ఒంటరిగా వెనక్కి వచ్చి, అటూ ఇటూ చూసి లోపలికి దూరారు.

"అమ్మా, నీకు పుణ్యముంటుంది, వీధిలో అలా చెయ్యి ఊపకు. ఈ కోటు కొత్తదని అందరి దగ్గరా కోతలు కోశాను."

"పని బాగా రాలేదాండీ?"

"రాకపోవడమా! ఎక్కడ చిరిగిందో నాకే దొరకట్లేదు. కోటు ఎవరిదో మార్చుకొచ్చారని మా ఆవిడ నిలదీసింది."

"మరి నా కొట్టు సంగతి ఒక్కరికైనా చెప్పొచ్చు కదా మాస్టారూ?"

"ఎలా చెప్పనమ్మా? నీ సంగతి చెబితే చిరుగు సంగతీ చెప్పాలి. పరువు దక్కిందనుకుంటే, మళ్లీ నేనే చాటింపు వేసుకోనా?"

ఆయన వెళ్లాక ఆమెకు ముందు నవ్వొచ్చింది. తన చేతిపని ఎంతమంది ఒంటిమీద తిరుగుతోందో! అందరూ కడుపులో దాచుకున్నవాళ్లే. పని కుదిరినకొద్దీ తను ఎవరికీ కనబడదు. ఆ నవ్వు పంచుకోవడానికి మొగుడికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. అప్పుడు కళ్లు చెమ్మగిల్లాయి. కళ్లు తుడుచుకుని, ఆడపడుచుకు ఫోను చేసింది.

"వదినా, ఉద్యోగం వద్దు."

"వద్దా? కొట్టుకి ఎవరైనా వచ్చారా ఏంటి?"

"వచ్చినవాళ్లెవరూ బయట నోరు విప్పరట. అందుకని రేపు పొద్దున్నే మీ తమ్ముడి పెళ్లికోటు తీసి రెండు కన్నాలు పెడతాను."

"పిచ్చిగానీ పట్టిందా? వాడికి చెప్పావా?"

"ఫోనెత్తితే చెబుతాను. ఒకటి కుట్టి, ఒకటి అలాగే వదిలేస్తాను. కోటు వీధిలోకి కనబడేలా ముందరి అద్దం వెనక వేలాడదీసి, 'రెండో కన్నం ఎక్కడో చెప్పుకోండి' అని అట్ట మీద రాసి పెడతాను. రేపంతా అదే పని."