లెక్కకు రాని పిల్లలు

టీచరు ప్రతి బుధవారం జైలుకు వెళ్ళేది. ఫోనూ, చేతిసంచీ, ఆఖరికి జడపిన్నులు కూడా గేటు దగ్గర అప్పజెప్పి మూడు తలుపులు దాటితే లైబ్రరీ గది వచ్చేది. దూరవిద్యలో డిగ్రీకి కట్టిన ఎనిమిదిమంది ఖైదీలు అక్కడ ఆమె కోసం ఎదురుచూస్తుండేవాళ్ళు. ఆమె చెప్పేది ఆధునిక కథాసాహిత్యం. ఒక్కో కథ అడుగున ఏ గ్రీకు పురాణగాథ ఉందో పుస్తకాలు తిరగేసి పట్టుకుని వాళ్ళు వ్యాసం రాయాలి.

వాళ్ళలో దర్జీ పని చేసే ముసలాయన, ఆ దేవుళ్ళ ఇంటి గొడవలు చూశాక మా ఇల్లే నయమనిపిస్తోందని అందర్నీ నవ్వించేవాడు. జైలుకు రాకముందు వ్యాను నడిపిన డ్రైవరు ఒక్కడే నవ్వేవాడు కాదు. కిటికీ పక్కన కూర్చుని ఆమె చెప్పిందల్లా పొల్లుపోకుండా రాసుకునేవాడు. అతను దేనికి లోపలికొచ్చాడో టీచరు అడగలేదు. ఎవర్నీ అలా అడగొద్దని జైలరు మొదటిరోజే చెప్పాడు.

ఆ నెల పాఠం ఒక కాపలాదారు కథ. వాడు పిచ్చికోపంలో తన పిల్లల్నే చంపుకుని, ఆపైన ఎవరు ఏ పని చెప్పినా కిమ్మనకుండా చేస్తూ బతుకుతాడు. దీని వెనక గ్రీకుల మహాబలుడి గాథ ఉందని ఆమె చెప్పింది. ఒక దేవత పగబట్టి మతి పోగొడితే ఆ మైకంలో అతను బిడ్డల్ని చంపాడు, ఆ పాపం కడుక్కోవడానికి పన్నెండు ఘనకార్యాలు చేశాడు. తప్పు మనిషిది కాదు, పైనుంచి వచ్చి పడింది అన్న వైపు నుంచి రాయొచ్చని కూడా సలహా ఇచ్చింది.

రెండు వారాలకు డ్రైవరు లేచి నిలబడ్డాడు.

"మేడమ్, నాలుగు పుస్తకాలు చూశాను. ఆయన చేసిన పనులు అన్నిట్లోనూ పన్నెండే. పిల్లలు మాత్రం ఒకదాంట్లో ముగ్గురు, ఇంకోదాంట్లో ఎనిమిదిమంది. పేర్లు కూడా కలవట్లేదు. వాళ్ళను ఎవరూ సరిగా లెక్కపెట్టలేదా?"

ఇరవై ఏళ్ళుగా ఆ గాథ చెబుతున్నా టీచరు ఆ పిల్లల్ని ఎప్పుడూ లెక్కపెట్టలేదు. నోటిమాటగా తిరిగిన గాథలు మారుతుంటాయని ఏదో సర్దిచెప్పింది. ఆ మాట ఆమెకే చప్పగా తోచింది.

మరుసటి వారం అతని వ్యాసం అందింది. నాలుగు పేజీల నిండా పరిశోధనే. ఐదో పేజీలో అతను తన సంగతి రాశాడు. భార్యతో గొడవపడి, ఆమెను ఏడిపించాలని ఇద్దరు పిల్లల్నీ వ్యానులో ఎక్కించుకుని బయల్దేరాడు. వ్యాను కాలువలో పడింది. అతనొక్కడే ఈదుకుని బయటపడ్డాడు. అప్పుడతనికి ఒళ్ళు తెలియలేదని కోర్టులో లాయరు వాదిస్తే అతనూ తలూపాడు.

"నాకు ఏ దేవతా మతి పోగొట్టలేదు. మెల్లగా పోనీ నాన్నా అని చిన్నది అంది. నాకు వినపడింది. విని ఇంకా గట్టిగా తొక్కాను," అని ముగించాడు.

టీచరు ఆ పేజీని రెండుసార్లు చదివింది. అతని విడుదల అర్జీ పైఅధికారుల దగ్గరుంది. దానికి ఆధారం లాయరు చెప్పిన ఆ మాటే. ఖైదీల కాగితాలన్నీ జైలు ఆఫీసు వాళ్ళు చదివాకే బయటికి పోతాయి; ఈ పేజీ వాళ్ళ కంటపడితే ఆ అర్జీ నిలవదు.

"ఐదో పేజీ తీసేయండి. ఆ నాలుగు పేజీలకే మంచి మార్కులొస్తాయి," అంది టీచరు పై బుధవారం.

"అది తీసేస్తే మిగిలేది ఆ మహాబలుడి కథే మేడమ్. మా పిల్లలు అందులో ఉండరు."

ఒక నకలు తన భార్యకు పంపమని మాత్రం అడిగాడు. ఆరేళ్ళుగా ఆమె అతని ఉత్తరాల్లో ఒక్కదానికీ బదులివ్వలేదు. ఆ తల్లి పుండును మళ్ళీ కెలికినట్టవుతుందేమోనని టీచరు వారం రోజులు మథనపడింది. చివరికి జైలరు అనుమతితో పోస్టు చేసింది.

భయపడ్డట్టే అర్జీ తిరగ్గొట్టారు. పేపరు దిద్దినాయన వందకు ముప్ఫై ఎనిమిది మార్కులు వేసి, సొంత విషయాలు అనవసరమని ఎర్రసిరాతో రాశాడు. డ్రైవరు రెండు కాగితాలూ చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రెండు నెలలకు టీచరు పనిచేసే కాలేజీకి ఆమె పేరిట కవరొచ్చింది. లోపల ఒక్క చీటీ ఉంది. సంతకం లేదు.

"చిన్నది ఇంకేమంది? పెద్దాడు ఏమన్నాడు?"

ఆ బుధవారం ఆమె దాన్ని అతని చేతికిచ్చింది. అతను చదివి, చీటీని బల్ల మీద పెట్టాడు. దర్జీ ముసలాయన తన నోటుపుస్తకంలోంచి నాలుగు తెల్లకాగితాలు చింపి అతని ముందు పెట్టాడు. టీచరు మిగతావాళ్ళకు కొత్త పాఠం మొదలుపెట్టింది.

గంట కొట్టేదాకా అతను ఒక్క ముక్క రాయలేదు. పై వారమూ రాయలేదు. మూడో బుధవారం కలం తీశాడు.