ఊరికే పెట్టిన లీవు

మా ఆవిడ సువర్ణ మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డు నర్సు. నెలల బిడ్డలకు సెలైన్ సూది ఎక్కించడానికి ఆమె పెట్టింది పేరు. ఎంత సన్నటి నరమైనా ఆమె వేలికి తగలాల్సిందే. ఒకే పోటు, పని అయిపోయేది. అందుకే ఏ బిడ్డ వచ్చినా "సువర్ణమ్మను పిలవండి" అనేవాళ్లు. పిలిచీ పిలిచీ ఆమెకు లీవు అన్నదే లేకుండా చేశారు.

ఈ వేసవిలో ఆ చేయి తప్పడం మొదలుపెట్టింది. ఒక పసిబిడ్డను మళ్లీ మళ్లీ గుచ్చాల్సి వచ్చిందట. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

"నా చెయ్యి పోయింది. ఇంక నేను ఈ పనికి పనికిరాను."

"చెయ్యి యాడికీ పోలే. నువ్వు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది? రేపే లీవు పెట్టు" అని కసిరాను. నేను బడిపంతుల్ని, కసరకుండా మాట్లాడటం నాకు రాదు.

మావాళ్లలో లీవంటే చావుకో, కాన్పుకో, ఆపరేషన్‌కో. ఊరికే పెట్టడం ఎవరూ ఎరగరు. సువర్ణ లీవులో ఉందన్న కబురు మా చర్చి సంఘమంతా పాకిపోయింది. పొద్దున్నే తలుపు తీస్తే దయానందం పాస్టరుగారు, వెనక స్త్రీల సమాజం, చేతుల్లో బత్తాయిలు, బ్రెడ్డు.

"దాచొద్దమ్మా. రిపోర్టులో ఏమొచ్చిండాది?" అన్నారు పాస్టరుగారు.

"ఏమీ రాలేదయ్యా. ఊరికే పెట్టినాను."

"ఊరికే ఎవురన్నా పెడతారా తల్లీ?" అంటూ జెస్సికా ఆంటీ కళ్లొత్తుకుంది. అందరూ చుట్టూ చేరి, తలమీద చేతులుంచి, ఆమె ఆయుష్షు పొడిగించమని ప్రార్థించారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ తర్వాత అంతమందికీ కాఫీ కాచింది ఎవరనుకున్నారు? ఆ రోగిష్టే. సాయంత్రం ఇంకో గుంపు, మర్నాడు మరొకటి.

ఇలా కాదని ఆమె ఫోను బీరువాలో పెట్టి తాళం వేసి, ఆమెను కుప్పం బస్సెక్కించాను. పుంగనూరు రాకముందే నా భుజం మీద తల వాల్చేసింది. వి.కోట ఎప్పుడు దాటామో ఆమెకు తెలీదు. కుప్పంలో మా మరదలు క్రిస్టినా తన అక్క ముఖం చూసి ఒక్క మాటే అడిగింది: "తింటావా, పండుకుంటావా అక్కా?" ఆ మాటకు ఆ పిల్లకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

సువర్ణ తిన్నది, పడుకుంది. ఎండ తగ్గాక మిద్దెమీద చెల్లెలితో పడీపడీ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో! చేతి సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. నిజానికి ఆమె కంటే నాకే ఎక్కువ భయం.

ఆమె మళ్లీ డ్యూటీలో చేరిన రోజు, బడి వదలగానే నేను నేరుగా వార్డుకు పోయాను. తంబళ్లపల్లె నుంచి వచ్చిన ఒక తల్లి ఒడిలో బిడ్డ, విరేచనాలతో వాడిపోయి ఉంది. సువర్ణ ఆ బిడ్డ చేతిని తన అరచేతిలోకి తీసుకుంది. తొందరపడలేదు. వేలితో తడిమింది, గుచ్చింది. సూదిలో ఎర్రగా రక్తం కనబడింది. ఒకే పోటు. బిడ్డ కేరుమంది. నాకు మాత్రం గుండెలమీంచి బండ దిగినట్టయింది.

నన్ను చూసి నవ్వుతూ చేతులు కడుక్కుంటుంటే పక్క మంచం దగ్గర్నుంచి మళ్లీ అదే కేక: "సువర్ణమ్మా, ఈ బిడ్డకూ!" ఆమె పోయింది. కానీ సూది తాను తీసుకోలేదు. కొత్తగా చేరిన నీరజ వేలు పట్టుకుని బిడ్డ మణికట్టు మీద పెట్టింది.

"ఈడ తడిమి సూడు. తగిలిందా?"

"నాకు భయంగా ఉండాదక్కా. మీరే గుచ్చండి."

"నేనుండాను కదా, గుచ్చు. వచ్చే వేసవికి నేను కుప్పం పోవల్ల."