మూడో డిస్కు

చక్రధరరావు కంప్యూటరు డబ్బా పక్కరేకు విప్పి, నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని, పాత హార్డ్ డిస్కు అడుగునున్న పచ్చబోర్డును పెన్సిలు రబ్బరుతో రుద్దుతున్నాడు. రుద్దినకొద్దీ ఎర్రదుమ్ము రాలుతోంది. ఇనపగనుల ఊరు బచేలీలో ఆ దుమ్ము చేరని చోటంటూ లేదు. అన్నంలో చేరుతుంది, చెవుల్లో చేరుతుంది, గనిలో ఖనిజం మోసే బెల్టు పక్కన బతుకంతా నిలబడ్డవాడి కలల్లోనూ చేరుతుంది.

"ఏటండీ, రేపు రైలెట్టుకుని ఇయ్యాల ఈ ఇనపముక్కల్తో ఏటి పని?" అంది అప్పలకొండమ్మ, గిన్నెలు గోనెసంచిలో కుక్కుతూ.

"మాటిచ్చేనే," అన్నాడు మొగుడు.

మాటిచ్చింది బుధ్రికి. ఆమె భర్త మాసా ఆవపల్లి వైపు నుంచి వచ్చి, ఇతనితో పాటు బెల్టు మీద కూలీగా చేశాడు. నాలుగేళ్ల కిందట వానాకాలం జ్వరంతో పోయాడు. ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ ముందటి ఏడు విశ్వకర్మ పూజనాడు మాసా చిందేస్తుంటే చక్రధరరావు సెల్లులో వీడియో తీసి, ఇంటికొచ్చి కంప్యూటర్లోకి ఎక్కించాడు. తర్వాత కంప్యూటరు మారింది, డిస్కు ట్రంకుపెట్టెలో పడింది. కూరకు లేత వెదురుకొమ్ములు అమ్మవచ్చినప్పుడల్లా బుధ్రి అడిగేది. "రేపు చూద్దాంలే" అనేవాడు. ఆ రేపుతోనే ఏళ్లు నెట్టేశాడు మహానుభావుడు. ఇప్పుడు ఉద్యోగం అయిపోయి, ఊరొదిలే ముందురోజున, ఆ సిగ్గే అతణ్ణి నేలమీద కూర్చోబెట్టింది.

కొండ మీది మబ్బు దిగి కిటికీలోంచి నింపాదిగా లోపలికొస్తోంది. బుధ్రి గుమ్మంలో కూర్చుని చూస్తోంది.

మదర్‌బోర్డుకు రెండు డిస్కులు ముందే తగిలించి ఉన్నాయి. మూడోదానికి కరెంటు తీగ లేదు. సీడీ డ్రైవు తీగ పీకి దీనికి పెట్టాడు. రెండో తీగను బోర్డు మీద ఖాళీగా ఉన్న చోట నొక్కి, స్విచ్చి వేశాడు. ఎక్కడో పక్కింట్లో తిరగలి విసురుతున్నట్టు డిస్కు తిరగడం మొదలుపెట్టింది.

"ఏందన్నా, లోపలున్నడా?"

"వస్తాడు. డ్యూటీకి ఏనాడు టైముకొచ్చాడు మీ ఆయన?"

బుధ్రి నవ్వింది.

తెర మీద మూడో డిస్కు కనబడింది. ముందు కొత్త డిస్కులోకి కాపీ చేసుకుని తర్వాత చూపించాలి. ఆ సంగతి అతనికి తెలుసు. కానీ ఆమె అప్పటికే తెరకు దగ్గరగా జరిగి కూర్చుంది. మనసు ఆగక నేరుగా తెరిచేశాడు.

మాసా వచ్చాడు. హెల్మెట్టుకు బంతిపూల దండ చుట్టుకుని, ఆపి ఉన్న బెల్టు ముందు చిందేస్తున్నాడు. డప్పుల హోరులో పాట వినబడలేదు, పెదాలు మాత్రం కదిలాయి. వాటితో పాటే బుధ్రి పెదాలూ కదిలాయి. అప్పలకొండమ్మ గిన్నె చేత్తో పట్టుకునే నిలబడిపోయింది. గదినిండా మబ్బు. మాసా ఇటు తిరిగి, నవ్వబోయి, అలాగే ఆగిపోయాడు. డబ్బాలో టక్కు టక్కుమంది. తెర నల్లబడింది.

తీగలు మార్చాడు, మళ్లీ రుద్దాడు, ఊదాడు. పొద్దువాలింది గానీ డిస్కు మరి తిరగలేదు.

"తప్పు నాదే బుధ్రీ. కాపీ తీసి చూపించవలసింది." అతనికి ఏడుపొచ్చింది.

బుధ్రి డిస్కు ఒళ్లోకి తీసుకుంది. పైరేకు మీద నల్లబడ్డ మరక ఒకటుంది.

"ఈ బొట్టేందన్నా?"

"మీ ఆయన పెట్టిందే. ఆ పూజనాడు నేను డబ్బా విప్పుకుని కూర్చుంటే ఇక్కడికొచ్చాడు. అన్ని మిషన్లకూ పెట్టి దీనికి పెట్టకపోతే అలుగుతుందన్నాడు. నూనె కుంకుమ, అందుకే పోలేదు."

ఆమె దీపం దగ్గరికి జరిపి చూసింది. బొట్టులో వేలిగీతలు అలాగే ఉన్నాయి.

"నాకిస్తవా?"

"అదింక పనిచెయ్యదమ్మా."

"పనికోసం గాదు," అంది బుధ్రి. కొంగులో చుట్టుకుని వెళ్లింది.

పోయినవాళ్ల పేర దారిపక్కన రాయి నిలబెట్టడం అక్కడి ఆనవాయితీ. మాసా రాయి స్టేషను దారిలోనే ఉంది. తెల్లారి అక్కడ ఆటో ఆపించి చక్రధరరావు దిగాడు, తలమీద చెయ్యి పెట్టినట్టు రాయిమీద చెయ్యి పెట్టాడు.

"పోయొస్తాన్రా," అన్నాడు. మళ్లీ రాడని అతనికీ తెలుసు. ఆటో ఎక్కాడు.

రాయి మొదట్లో, వానకు తడవకుండా మోదుగాకులు కప్పిన చిన్న వెదురుగూటిలో, మాసాకు పెట్టిన పొగాకు పక్కన, డిస్కు ఉంది. పాతబొట్టును తాకకుండా దాని చుట్టూ ఎవరో పసుపుతో సున్నా చుట్టారు.