బొగ్గు డబ్బా

గాలి పంపు బెల్టును వదులు చేసి, దాన్ని పట్టుకున్న బోల్టును వేళ్ళతో తిప్పి బయటికి తీశాడు నెవ్ ట్రెజైస్. పంపును పక్కకు లాగాక ఆ బోల్టును మళ్ళీ అదే రంధ్రంలోకి రెండు చుట్లు ఎక్కించాడు. యాభై ఏళ్ళుగా అదే పద్ధతి. ఎక్కడ ఊడదీసిన బోల్టు అక్కడే ఉండాలి. అన్నీ కలిపి ఒకే డబ్బాలో పోసుకునేవాళ్ళను నెవ్ మెకానిక్కుల కింద జమకట్టడు.

చూపు బోనెట్ కిందే ఉన్నా, అతని చెవులు మాత్రం వెనక బెంచీ మీద కూర్చున్న మనిషి మీద ఉన్నాయి.

ఆ మనిషి పొద్దున ఎనిమిదింటికే వచ్చాడు. ఎర్ర రంగు స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, డెబ్బై ఎనిమిది నాటిది. మనిషికి ముప్పై ఐదు దాటి ఉంటాయి. పేరు లాక్లన్ అన్నాడు, ఇంటిపేరు చెప్పలేదు. పొగలో విషం తగ్గడానికి కంపెనీవాళ్ళు బిగించిన సామానంతా విప్పేయాలన్నాడు. గాలి పంపు, పొగను తిరిగి ఇంజన్లోకి పంపే వాల్వు, పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా, వాటి గొట్టాలు, అన్నీ.

ఈ పని మీద తన ఊరు కడీనా దాకా వచ్చేవాళ్ళు నెవ్‌కు కొత్త కాదు. ఆ బరువంతా దించేస్తే ఇంజన్ గొంతు విప్పుతుందని వాళ్ళ సరదా. చట్టం ఒప్పుకోదు కాబట్టి కారు అప్పగించి పబ్బుకో, సముద్రం ఒడ్డుకో పోతారు. సాయంత్రం వస్తే నెవ్ విప్పిన సామాను పళ్ళపెట్టెలో సర్ది వాళ్ళ చేతికే ఇచ్చేస్తాడు. ఎవరూ ఏమీ చూడలేదు, అంతే. ఈ లాక్లన్ మాత్రం కదలలేదు. బూట్ల మీద చిటికెడు మట్టి కూడా లేదు, ఆఫీసు మనిషిలా. ఎన్నేళ్ళుగా చేస్తున్నారని అడిగాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగాడు. అది చాలదన్నట్టు ఫోన్ తీసి ఫోటోలు మొదలుపెట్టాడు. కారును తీసినా కొంత నయం. నెవ్ చేతుల్ని తీస్తున్నాడు.

అనుమానం నెవ్‌కు పుట్టుకతో వచ్చిన సొత్తు. పాలవాడితో రెండు మాటలు ఎక్కువ మాట్లాడినా సంజాయిషీ చెప్పుకోలేనని, ఇరవై రెండేళ్ళు భరించి భార్య థెల్మా పోర్ట్ పిరీలో అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక కూడా నెవ్ ఆ పాలవాడి దగ్గర పాలు కొనలేదు. మనిషి చెడ్డవాడు కాదు. చేసిన పనికి వంక పెట్టనివ్వడు, చేసినవాణ్ణి నమ్మడు. ఇంతే అతని కథ.

అయితే ఒకసారి నిజంగానే చెయ్యి కాలింది. ఎనభై ఆరులో ఎవరో ఫిర్యాదు చేస్తే తనిఖీవాళ్ళు ఊరి మీద పడ్డారు. నెవ్ సామాను విప్పిన నాలుగు కార్లను ఆపితే మూడింటి అద్దాలకు, రోడ్డెక్కకూడదని పసుపు చీటీలు పడ్డాయి. నెవ్ మెకానిక్ లైసెన్సు ఏడాది పోయింది. ఆ ఏడాదంతా గోధుమల గిడ్డంగిలో పార పట్టాడు. చీటీ పడని నాలుగోది, ఆకుపచ్చది, సొంత అన్న క్లారీ కారు. దాని సామాను కూడా నెవ్ చేత్తోనే విప్పి ఇచ్చాడు. తనిఖీకి వారం ముందు క్లారీ ఎవరికీ చెప్పకుండా అంతా తిరిగి బిగించుకున్నాడట. తనిఖీ వస్తుందని తెలియనివాడు ఆ పని ఎందుకు చేస్తాడు? ఫిర్యాదు చేసింది వాడే. నెవ్ అడగలేదు, తేల్చేసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా మాటల్లేవు. క్లారీ ఉండేది పది కిలోమీటర్ల అవతల వాలరూలో. అమ్మను పూడ్చినప్పుడు ఇద్దరూ గోతికి చెరోవైపు నిలబడ్డారు.

ఇప్పుడు నెవ్‌కు అరవై ఎనిమిది. ఈ వయసులో లైసెన్సు పోతే మళ్ళీ ఇచ్చేవాడు లేడు. షెడ్డు తీయకపోతే పొద్దున లేచి ఎక్కడికి పోవాలో కూడా అతనికి తెలియదు.

మధ్యాహ్నం పక్క టైర్ల కొట్టు రెక్స్ హాకింగ్ మాంసం, దుంపలు కూరి కాల్చిన రెండు పాస్టీలు పట్టుకొచ్చాడు. రోజూ తెస్తాడు. రోజూ నెవ్ తన పాస్టీని రెండుగా విరిచి లోపల చూశాకే తింటాడు.

"ఏరా, ఇవాళ ఎవరి వంతు? ఆ అబ్బాయిదా, ఈ పాస్టీదా?" అన్నాడు రెక్స్.

"వాడి బూట్లు చూడు," అన్నాడు నెవ్ గొంతు తగ్గించి.

"నా బూట్లూ శుభ్రంగానే ఉన్నాయి. రేపట్నుంచి నీ తిండి నువ్వే తెచ్చుకో."

రెక్స్ నవ్వుకుంటూ పోయాడు. నెవ్ నవ్వలేదు. పాస్టీ అంచు కొరుకుతుంటే అమ్మ గుర్తొచ్చింది. ఎవరిది వాళ్ళే తినాలని ఆవిడ ఒక్కో పాస్టీ మూలన పిండితో వాళ్ళ పేరులోని మొదటి అక్షరం అతికించేది. క్లారీ తనది ముందే ముగించి నెవ్ పాస్టీలో మూల కొరికేవాడు, అక్షరంతో సహా. సాక్ష్యం లేకుండా. చేసిన ప్రతి పనికీ గుర్తు పెట్టుకునే అలవాటు నెవ్‌కు అక్కడే పట్టుకుంది. తాను ముట్టుకున్న ప్రతి భాగం మీదా పసుపు రంగుతో ఒక చుక్క పెడతాడు.

తిండి అయ్యాక పంపును పట్టి ఉంచే ఇనప చట్రాన్ని కిరోసిన్లో ముంచి బ్రష్షుతో రుద్దాడు. జిడ్డు కిందనుంచి ఇత్తడి అతుకు బయటపడింది. బోల్టు దూరే చెవి విరిగితే ఎవరో శ్రద్ధగా అతికించారు. అతుకు పక్కన వెలిసిపోయిన పసుపు చుక్క. తను పెట్టిందే. బొగ్గు డబ్బా తీసి తుడిస్తే దాని మీదా చుక్క ఉంది. డబ్బా ఉన్నచోట, ఎరుపు అంటకుండా పాత ఆకుపచ్చ రంగు మిగిలి ఉంది.

ఆకుపచ్చ కారు. క్లారీది.

ముప్పై ఏళ్ళ తర్వాత కూడా వదలడన్నమాట. అప్పుడు ఫిర్యాదుతో సరిపెట్టాడు. ఇప్పుడు సాక్ష్యానికి కారునే పంపాడు, ఫోటోలు తీసేవాణ్ణి తోడిచ్చి.

"ఈ బండి ఎవరిది?" అని అడిగాడు వెనక్కి తిరగకుండా.

లాక్లన్ ఫోన్ దించాడు. "నాదే అనుకోండి," అన్నాడు.

ఆ 'అనుకోండి'తో నెవ్‌కు అనుమానం రూఢి అయిపోయింది. పంపును ఎత్తి తిరిగి దాని చోట పెట్టాడు. బోల్టు దాని రంధ్రంలోనే సిద్ధంగా ఉంది.

"అదేంటి, మళ్ళీ బిగిస్తున్నారు?" లాక్లన్ లేచి వచ్చాడు.

"ఇవి విప్పడం నేరం. తెలీదా? ఇదిగో, ఇది కూడా తీసుకో ఫోటో." నెవ్ పానాను బోల్టు మీద పెట్టి, మొహం ఎత్తి ఫోన్‌లోకి నేరుగా చూశాడు. "పంపినవాడికి చూపించు."

లాక్లన్ ఫోన్ ఎత్తాడు. ఫోటో తీశాడు.

తర్వాత రెండు గంటలు నెవ్ పని వదల్లేదు. కోపంతో పానా పట్టినా చెడగొట్టడం ఆ చేతులకు రాదు. వాల్వులో పేరుకున్న మసి గీకాడు, పగిలిన గొట్టాలు మార్చాడు, బెల్టును బొటనవేలితో నొక్కి బిగువు సరిచూశాడు. ఇంజన్ అంత బుద్ధిగా ఎన్నేళ్ళ కిందట తిరిగిందో. ఇక మిగిలింది బొగ్గు డబ్బా ఒక్కటే. దాన్ని గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టేసరికి లాక్లన్ ఫోన్ మోగింది.

లాక్లన్ బయటికి వెళ్ళి రోడ్డు పక్క చెట్టు కింద నిలబడి విన్నాడు. ఎక్కువసేపు మాట్లాడలేదు. తిరిగొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"చినమామయ్యా," అన్నాడు.

ఆ పిలుపుతో నెవ్‌ను పిలిచినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు.

"నేను జోడీ భర్తని. క్లారీ గారి అల్లుణ్ణి. ఆయన ఇప్పుడే పోయారు."

నెవ్ గుడ్డను డబ్బా పక్కన పెట్టాడు. ఎక్కడ అని అడిగాడు. వాలరూ ఆస్పత్రిలో అన్నాడు లాక్లన్. నెలన్నరగా అక్కడే ఉన్నాడట. కారును నెవ్ ఒకప్పుడు చేసిచ్చినట్టు చేయించి కిటికీ కింద నుంచి ఒకసారి నడిపితే ఆ చప్పుడు వినాలని అడిగాడట. తనదని తెలిస్తే నెవ్ ముట్టుకోడు కాబట్టి పేరెత్తవద్దన్నాడట. కూర్చుని చూసి, తమ్ముడు ఏం చేస్తే అది ఫోటో తీసి పంపమన్నాడట.

"పొద్దున మొదటి ఫోటో చూసి నవ్వారట. 'ఇంకా బోల్టు దాని రంధ్రంలోనే పెడుతున్నాడు' అన్నారట జోడీతో."

ముప్పై ఏళ్ళుగా నెవ్ నోట్లోనే ఉన్న ప్రశ్న అప్పుడు బయటికొచ్చింది.

"మరి ఆ రోజు అన్నీ ఎందుకు తిరిగి బిగించుకున్నాడు?"

"అప్పుడు జోడీ కడుపులో ఉంది. ఈ డబ్బా తీసేశాక కార్లో పెట్రోలు వాసన నిండిపోయేదట. ఎక్కిన ప్రతిసారీ అత్తయ్య వాంతి చేసుకునేదట. చెబితే మీ పనికి వంక పెట్టినట్టవుతుందని, ఒక ఆదివారం ఆయనే కూర్చుని అన్నీ బిగించుకున్నారట."

"ఆ ముక్క నాతో చెప్పలేదేం?"

"మీరు అడుగుతారని చూశారట."

బయట ఎవరో టైరులోకి గాలి కొడుతున్నారు. నెవ్ పానాను తుడిచి పెట్టాడు.

"ఆ చివరి ఫోటో," అన్నాడు. "పంపావా?"

"పంపాను. అప్పటికే కళ్ళు తెరవడం లేదట."

నెవ్ తల ఊపాడు. క్లారీ చూడనందుకు ప్రాణం కుదుటపడింది, చూడనందుకే ఏడుపూ వచ్చింది. రెంటినీ మింగి, డబ్బా ఇంకా పెట్టలేదని, పది నిమిషాలు ఆగితే బిగించేస్తానని అన్నాడు. జోడీ ఒక్కతే ఉంది, ఆగలేనన్నాడు లాక్లన్.

"పెట్రోలు వాసన వస్తుంది," అన్నాడు నెవ్.

"అద్దాలు దించుకుంటాను."

కారు వాలరూ రోడ్డెక్కింది. నెవ్ గుమ్మంలో నిలబడి విన్నాడు. పంపుతో, వాల్వుతో, గొంతు అణచుకుని మర్యాదగా వెళ్ళింది. క్లారీ అడిగిన చప్పుడు అది కాదు. మలుపు దాటాక అదీ వినబడలేదు. రెక్స్ కొట్టులోంచి తొంగిచూసి, ఎవరా అబ్బాయి అని అడిగాడు. మా అన్న అల్లుడని చెప్పి నెవ్ లోపలికి వచ్చాడు.

బల్ల మీద, పక్కన పసుపు చుక్కతో, బొగ్గు డబ్బా ఉండిపోయింది; దాని మూతిలోంచి పెట్రోలు వాసన సన్నగా వస్తూనే ఉంది.